వరద రోజున వచ్చిన పడవ: పొరుగు ద్వీపాల గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఎగ్మోర్ గురించి నాలుగు మాటలు రాశాను. బుద్ధగయ వెళ్ళే సింహళ యాత్రికులు చెన్నైలో దిగి కెన్నెట్ లేన్‌లో మహాబోధి సొసైటీ దగ్గర ఆగుతారు కదా, వాళ్ళలో తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను మందుల షాపుకి దారి అడిగి, నేను చెప్పాక కాస్త బెదురుగా "మీరు తమిళులా?" అని ఇంగ్లిషులో అడిగిందని, ఆ బెదురు నన్ను చాలాసేపు వదల్లేదని రాశాను. దానికి ఉత్తరాలు బాగా వచ్చాయి. కొన్ని కోపంగా ఉన్నాయి, ఇంకొన్ని నిజంగా తెలుసుకోవాలని రాసినవి. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి శ్రీలంక, మాల్దీవుల గురించి వచ్చినవే తీసుకుంటున్నాను.

*ప్రశ్న: 2022లో శ్రీలంక దివాలా తీస్తే మన దేశం 400 కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. అదే ఏడాది ఆగస్టులో వాళ్ళు చైనా గూఢచారి నౌకని తమ రేవులోకి రానిచ్చారు. ఇంత విశ్వాసం లేని వాళ్ళతో స్నేహం ఎందుకండీ? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు)*

తమ్ముడూ, మీ లెక్క సరైనదే. డాలర్లు అయిపోయి, పెట్రోలు బంకుల ముందు జనం రోజుల తరబడి క్యూలో నిలబడి, ప్రశ్నపత్రాలు అచ్చు వేయడానికి కాగితం దొరక్క బళ్ళలో పరీక్షలు ఆగిపోయిన ఆ రోజుల్లో మన దేశం చేసిన సాయం మొత్తం దాదాపు 400 కోట్ల డాలర్లు. అయితే ఇందులో ఎక్కువ భాగం అప్పు, లేదా అప్పు తీర్చడానికి ఇచ్చిన గడువు. కరెన్సీ స్వాప్ (తర్వాత తిరిగిచ్చేలా రెండు దేశాల కేంద్ర బ్యాంకుల మధ్య డబ్బు మార్పిడి) 40 కోట్ల డాలర్లు, పెట్రోలు, డీజిలు కొనుక్కోవడానికి 50 కోట్లు, తిండికీ మందులకీ 100 కోట్లు, ఆపైన మన దగ్గర కొన్న సరుకు బాకీలు తర్వాత కడుదురుగాని అని చెప్పడం. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం మూసేసి "ముందు పిల్లలకి బియ్యం తీసుకెళ్ళు" అన్నట్టు. ఆ సమయంలో అది చాలా పెద్ద మాట. 2023 జనవరిలో శ్రీలంకకి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) అప్పు దొరకడం కోసం అందరికంటే ముందు హామీ ఉత్తరం ఇచ్చింది కూడా మనమే.

ఇక విశ్వాసం సంగతి. నేను పుట్టింది కోనసీమలో ఒక లంక ఊళ్ళో. చుట్టూ గోదావరి, ఆస్పత్రికైనా సంతకైనా పెద్దబడికైనా గట్టు మీది ఊరికి పడవ దాటాలి. 1986 ఆగస్టు వరదలో మా ఊరంతా నీళ్ళలో ఉన్నప్పుడు గట్టు మీద నుంచి ఒక పడవ వచ్చి మమ్మల్ని చేర్చింది. ఆ పడవవాళ్ళని మా అమ్మ చివరిదాకా తలుచుకునేది. వరద తీశాక ఒక సంతరోజున ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన మా నాన్నని పదిమందిలో నిలబెట్టి, "మేం పడవ పంపకపోతే మీ గతేమయ్యేదిరా" అన్నాడు. నాన్న ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఆ సంతకి మాత్రం వెళ్ళలేదు. రెండు రేవులు దాటి, ఇంకా దూరంగా, ధర ఎక్కువైనా సరే, వేరే సంతకి వెళ్ళేవాడు.

శ్రీలంక చైనా దగ్గరికి వెళ్ళడానికి ఇదొక్కటే కారణం అని నేను అనను. రేవులు కట్టడానికి చైనా డబ్బు ఇచ్చింది, వీళ్ళు తీసుకున్నారు, హంబన్‌టోట రేవుని 2017లో 99 ఏళ్ళకి లీజుకిచ్చారు. అందులో వాళ్ళ పాలకుల తప్పులు చాలా ఉన్నాయి, అక్కడి జనమే 2022లో వీధుల్లోకి వచ్చి ఆ మాట అన్నారు. మీరు చెప్పిన నౌక యువాన్ వాంగ్ 5. మన అభ్యంతరం విని కొలంబో ముందు "కొంచెం ఆగండి" అని చైనాని అడిగింది, తర్వాత తట్టుకోలేక ఆగస్టు 16న రానిచ్చింది. అటు చూస్తే అప్పిచ్చినవాడు, ఇటు చూస్తే అన్నం పెట్టినవాడు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయని మన సామెత ఉందే, అది ఆ ఏడాది వాళ్ళ పరిస్థితి. ఆ తర్వాత 2024 జనవరి నుంచి ఏడాదిపాటు ఏ విదేశీ పరిశోధన నౌకా మా నీళ్ళలోకి రాకూడదని వాళ్ళే పెట్టుకున్నారు. ఈ వార్త మాత్రం మన టీవీల్లో మొదటి వార్తంత గట్టిగా వినపడలేదు.

ఇంకో సంగతి మన చెన్నైదే చెప్పాలి. 2022 మే 18న ఇక్కడి రేవు నుంచి తమిళనాడు ప్రభుత్వం పంపిన బియ్యం, పాలపొడి, మందులతో మొదటి ఓడ కొలంబోకి బయల్దేరింది. మొదట్లో అనుకున్నది అక్కడి తమిళులకి పంపాలని. "మమ్మల్ని వేరు చేసి ఇవ్వొద్దు, లంకలో అందరికీ ఇవ్వండి" అని అక్కడి తమిళ నాయకులే అడిగారు. ముఖ్యమంత్రి స్టాలిన్ ఆ మాట అసెంబ్లీలో చెప్పి అందరికీ పంపించారు. 2009 దాకా సాగిన అంతర్యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న వాళ్ళు అలా అడగడం చూసి ఆ రోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 400 కోట్ల డాలర్ల లెక్క గుర్తున్నవాళ్ళకి ఇది కూడా గుర్తుండాలి. సాయం చేశాం, మంచిపని. దాన్ని దెప్పొద్దు, అంతే నేను అడిగేది.

*ప్రశ్న: పెద్ద దేశం అన్నాక పక్కవాళ్ళకి కాస్త భయం ఉండాలి. భయం లేకపోతే గౌరవం ఎక్కడిది? ఒకసారి సైన్యం వెళ్ళి నిలబడితే అన్నీ సర్దుకుంటాయి. (రిటైర్డ్ ఉద్యోగి, అన్నానగర్)*

పెద్దవారు మీరు, నా జవాబు కొంచెం సూటిగా ఉంటుంది, ఏమనుకోకండి. సైన్యం వెళ్ళి నిలబడటం మనం చేసి చూశాం. 1987 జూన్ 4న మన విమానాలు శ్రీలంకని అడక్కుండానే జాఫ్నా మీద ఆహారం పొట్లాలు జారవిడిచాయి. అక్కడి తమిళుల ఆకలి నిజమే. కానీ కొలంబోలో కూర్చున్నవాడికి ఆ రోజు కనపడింది ఆహారం పొట్లాలు కాదు, తమ ఆకాశంలో తమ అనుమతి లేకుండా వచ్చిన పొరుగుదేశం విమానాలు. రెండు నెలలు తిరక్కుండానే, జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల సమస్య మీద ఒప్పందానికి సంతకాలు పెట్టారు. మర్నాడు సైనిక వందనం తీసుకుంటున్న మన ప్రధానిని శ్రీలంక నావికుడు ఒకడు తుపాకీ మడమతో కొట్టాడు. ఒప్పందం కాగితం మీద ఉంది, జనం మనసు అక్కడ లేదు.

ఆ తర్వాత వెళ్ళిన మన శాంతి దళం సుమారు 1,200 మంది సైనికుల్ని పోగొట్టుకుంది. తమిళుల రక్షణకని వెళ్ళి, వాళ్ళకి వేరే దేశం కావాలని పోరాడుతున్న ఎల్‌టీటీఈ టైగర్లతోనే యుద్ధం చేయాల్సి వచ్చింది, అటు సింహళ యువకులు మన సరుకులు కొనొద్దని జనాన్ని బెదిరించే దాకా వెళ్ళారు. అధ్యక్షుడు ప్రేమదాస 1989 జులై చివరికల్లా వెళ్ళిపోండి అన్నారు. మనం వెళ్ళలేదు. చివరి దళం తిరిగి వచ్చేసరికి 1990 మార్చి 24. ఇక్కడ మద్రాసు రేవులో దిగిన ఆ సైనికుల్ని ఆహ్వానించడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. వెళ్ళిన జవాన్ల తప్పేముంది చెప్పండి, వాళ్ళు ఆజ్ఞ ప్రకారం వెళ్ళారు, ఆజ్ఞ ప్రకారం చచ్చిపోయారు. ఏ శ్రీలంక అయితే వెళ్ళిపోమందో ఆ శ్రీలంకే తర్వాత కొలంబో పక్కన కోట్టెలో వాళ్ళకి స్మారకం కట్టింది. ఆ విషయం తెలిసినప్పుడు నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు దీని పక్కన 1988 పెట్టి చూడండి. నవంబరు 3న మాల్దీవుల రాజధాని మాలేలో తిరుగుబాటు, శ్రీలంక నుంచి పడవల్లో వచ్చిన కిరాయి సాయుధులు ఊరిని పట్టుకున్నారు, అధ్యక్షుడు గయూమ్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దాక్కుంటూ అందర్నీ సాయం అడిగారు. ఆ రాత్రికే ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు హుళులే విమానాశ్రయంలో దిగారు. బందీలతో పారిపోతున్న ఓడని మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ గోదావరి పట్టుకుంది. (మా గోదావరి పేరు అక్కడ వినపడటం నాకు ఎప్పుడూ సంతోషమే.) పని అయ్యాక సైన్యంలో ఎక్కువమంది త్వరగానే తిరుగుముఖం పట్టారు, కొద్దిమంది మరికొంత కాలం ఉండి వాళ్ళూ వచ్చేశారు. రెండుచోట్లా వెళ్ళింది మన సైన్యమే, రెండుచోట్లా పిలిచింది ఆ దేశాధ్యక్షుడే. ఒకచోట పిలిచినంత పని చేసి వచ్చేశాం, ఇంకోచోట పొమ్మన్నాక కూడా ఎనిమిది నెలలు ఉన్నాం. లంక ఊరివాడిగా చెబుతున్నాను, వరదలో పడవ వస్తుందా అన్నది ఒక్కటే కాదు మేం చూసేది, వరద తీశాక ఆ పడవవాడు తిరిగి వెళ్తాడా, లేక మా రేవులోనే గుంజ పాతుతాడా అన్నది కూడా చూస్తాం.

భయం వల్ల వచ్చే గౌరవం ఎక్కువ రోజులు నిలవదండీ. 2.2 కోట్ల మంది ఉన్న దేశం, జలసంధికి ఇవతల ఒక్క తమిళనాడులోనే 7 కోట్లకు పైగా జనం. వెయ్యేళ్ళ కింద చోళులు వచ్చి అనురాధపురాన్ని నాశనం చేసి రాజు మహిందుణ్ణి పట్టుకుపోయారని, ఆయన తిరిగి రాకుండానే బందీగా చనిపోయాడని వాళ్ళ పిల్లలు చదువుకుంటారు. తమ దేశంలో ఎక్కువమందే అయినా, జలసంధి అవతల చూస్తే తామే తక్కువమంది అన్న భయం సింహళీయులకి ఉంది. ఆ భయం తోటే వాళ్ళు తమ దేశంలోని తమిళులకి అన్యాయం చేశారు, 1983 జులైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన మారణకాండని ఎవరూ మర్చిపోలేరు. భయాన్ని ఇంకా పెంచితే ముందు దెబ్బ తినేది ఎవరో మీరే ఆలోచించండి.

*ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, కాశిమేడులో బోటు మీద పనిచేస్తాను. రామేశ్వరం వాళ్ళని లంక నేవీ పట్టుకుపోతే ఇక్కడ మాకు టెన్షన్. కచ్చతీవు మనం తిరిగి తీసేసుకుంటే ఈ గొడవ తీరిపోద్దా సార్? (కాశిమేడు)*

తీరదు అన్నా. ఎందుకో చెబుతాను, మీకు నాకంటే బాగా అర్థమయ్యే విషయమిది.

కచ్చతీవు రెండు దేశాల మధ్య సముద్రంలో ఉన్న 285 ఎకరాల చిన్న దిబ్బ, తాగడానికి నీళ్ళు కూడా లేవు. అంతోణియార్ గుడి (సెయింట్ ఆంటోనీ చర్చి) ఒకటి ఉంది, ఏడాదికి ఒకసారి పండక్కి రెండు వైపుల జాలరులూ వెళ్తారు. 1974 ఒప్పందంలో అది శ్రీలంక వైపు వెళ్ళింది, 1976లో ఒకరి నీళ్ళలో ఒకరు వేటాడకూడదని రెండు ప్రభుత్వాలూ ఉత్తరాలు రాసుకున్నాయి. అదే 1976లో కన్యాకుమారి కింద ఉన్న వాడ్జ్ బ్యాంక్, మంచి చేపల గని, మన వైపు వచ్చింది. ఈ ముక్క రాజకీయ సభల్లో ఎవరూ చెప్పరు. ఈ ఒప్పందాలు చేసేటప్పుడు రామేశ్వరం జాలరుల్ని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు, అది పెద్ద తప్పు, ఆ కోపం న్యాయమైనదే.

కానీ ఇప్పుడు మన ట్రాలర్లు వెళ్తున్నది కచ్చతీవు దగ్గరికి కాదు, దాన్ని దాటి జాఫ్నా, మన్నార్ ఒడ్డు దగ్గరికి. ఎందుకంటే ఇవతలి నీళ్ళు ట్రాల్ వలలతో అడుగంటా గీకేశాం. అవతల వేటాడేది ఎవరు? సింహళీయులు కాదు, తమిళులే. యుద్ధం జరిగినన్నేళ్ళు వాళ్ళని సముద్రంలోకి దిగనివ్వలేదు, 2009 తర్వాత అప్పో సప్పో చేసి చిన్న పడవలు, వలలు కొనుక్కుంటే, రాత్రిపూట మన పెద్ద బోట్లు వచ్చి ఆ వలల్ని తెంచుకుపోతున్నాయి. మన నెల్లూరు, ప్రకాశం ఒడ్డున ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా, తమిళనాడు నుంచి పెద్ద మరబోట్లు దగ్గరికొచ్చి వేటాడుతున్నాయని, మా వలలు పోయాయని అక్కడి మన బెస్తవాళ్ళు ఎన్నిసార్లు బోట్లు పట్టుకుని గొడవ చేశారో. నెల్లూరు ఒడ్డున మనవాడి కడుపుమంట ఎలాంటిదో జాఫ్నా ఒడ్డున వాడిదీ అలాంటిదే. శ్రీలంక 2017లో తన నీళ్ళలో ట్రాలింగ్‌ని చట్టం చేసి నిషేధించింది. ఆ చట్టం కోరినవాళ్ళలో ఈ జాఫ్నా జాలరులు ముందున్నారు.

అలాగని లంక నేవీ చేసేదంతా ఒప్పని నేను అనను. కాల్పులు, కొట్టడం, నెలల తరబడి జైలు, బతుకుతెరువైన బోటుని జప్తు చేయడం, ఇవి ఏ పొరుగువాడూ చేయకూడని పనులు. 2024 ఒక్క ఏడాదిలో 500 మందికి పైగా మనవాళ్ళని పట్టుకెళ్ళారు. ఒక్కొక్కరి ఇంట్లో ఎంత ఏడుపో. మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు 2018లో గుజరాత్ బోట్ల మీద వెళ్ళి పాకిస్తాన్ జైల్లో పడి, 2020 జనవరిలో ఇళ్ళకి చేరారు కదా, ఆ రోజులు మీవైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ద్వీపాన్ని వెనక్కి లాక్కుంటే ఏమవుతుంది? సంతకం పెట్టిన ఒప్పందాన్ని పెద్ద దేశం తనకి ఇష్టం లేనప్పుడు చించేస్తుందని చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది. చేపలు మాత్రం ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. 2014లో బంగాళాఖాతం సరిహద్దు తగవులో అంతర్జాతీయ ట్రిబ్యునల్ దాదాపు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి ఇచ్చేసింది. మనం ఓడిపోయాం, ఒప్పుకున్నాం. నా దృష్టిలో అది మన దేశం చేసిన మంచి పనుల్లో ఒకటి, ఎందుకంటే అంత సైన్యం ఉన్న దేశం చిన్నదాని ముందు తీర్పుకి తల ఒగ్గింది.

జాలరుల గొడవకి దారి జాలరులతోనే ఉంది. రామేశ్వరం వాళ్ళు, జాఫ్నా వాళ్ళు ఎదురెదురుగా కూర్చుని చాలాసార్లు మాట్లాడుకున్నారు, భాష ఒకటే, కొన్ని కుటుంబాల మధ్య చుట్టరికం కూడా ఉంది. ట్రాలింగ్ మానేస్తాం, గడువు ఇవ్వండి అన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోతోంది. లోతు సముద్రం బోట్లకి మారడానికి 2017లో సబ్సిడీ పథకం పెట్టారు గానీ, అప్పు భారం చూసి చాలామంది ముందుకు రాలేదు. అక్కడ గట్టిగా డబ్బు పెట్టాలి. ఒక ట్రాలర్ యజమాని పరువుగా వేరే వేటకి మారగలిగేంత డబ్బు.

*ప్రశ్న: 2024 జనవరిలో కోపం వచ్చి మాల్దీవుల టూర్ క్యాన్సిల్ చేసుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి పెళ్ళయ్యాక అక్కడికే వెళ్తానంటోంది. వెళ్ళనివ్వచ్చా? (గృహిణి, నంగనల్లూరు)*

నిశ్చింతగా వెళ్ళనివ్వండమ్మా. అమ్మాయికి నా ఆశీస్సులు.

అప్పుడేం జరిగిందో రెండు ముక్కల్లో. మన ప్రధాని గురించి అక్కడి ముగ్గురు ఉపమంత్రులు తప్పుగా మాట్లాడారు, ఆ ప్రభుత్వమే వాళ్ళని సస్పెండ్ చేసింది. దానికి ముందే "ఇండియా అవుట్" నినాదంతో గెలిచిన అధ్యక్షుడు ముయిజ్జు, హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం నడపడానికి అక్కడున్న 80 మంది దాకా మన సైనిక సిబ్బందిని వెనక్కి పిలిపించుకోమన్నారు. ఆ విమానాలు చేసే పని ఎక్కువగా రోగుల్ని దీవి నుంచి దీవికి చేర్చడమే. అయినా మన ప్రభుత్వం మొండికేయలేదు. 2024 మే 10కల్లా అందరూ వచ్చేశారు, వాళ్ళ స్థానంలో సైన్యంతో సంబంధం లేని సాంకేతిక సిబ్బంది వెళ్ళారు. అదే మే నెలలో మాల్దీవులు మనకి తిరిగి కట్టాల్సిన 5 కోట్ల డాలర్ల బాండుకి ఇంకో ఏడాది గడువిచ్చాం. అంతకుముందు ఏప్రిల్‌లో, మన దగ్గరే ఉల్లిపాయల ఎగుమతి మీద నిషేధం ఉన్న రోజుల్లో, వాళ్ళకి మాత్రం 35 వేల టన్నులకు పైగా ఉల్లిపాయలు, 42 కోట్లకు పైగా గుడ్లు, బియ్యం, పంచదార పంపడానికి అనుమతి ఇచ్చాం. సోషల్ మీడియాలో మనం బహిష్కరణ అని అరుస్తుంటే, తూత్తుకుడి రేవులో సరుకు ఎక్కుతూనే ఉంది.

అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చారు. 2025 జులైలో వాళ్ళ 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధాని ముఖ్య అతిథి. పొమ్మంటే గౌరవంగా వచ్చేశాం కాబట్టే మళ్ళీ పిలవడానికి వాళ్ళకి నామోషీ అనిపించలేదని నా నమ్మకం. 1987కీ 2024కీ మధ్య మనం నేర్చుకున్నది ఇదే, దానికి నేను గర్వపడుతున్నాను.

*ప్రశ్న: పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. అక్కడ ప్రభుత్వం మారిన ప్రతిసారీ స్నేహం మొదటికి వస్తుంటే నమ్మకం అనేది ఎలా కడతారు సార్? (డిగ్రీ విద్యార్థిని, ట్రిప్లికేన్)*

మంచి ప్రశ్న అమ్మాయ్. మన వాళ్ళు చాలాకాలం చేసిన పొరపాటు ఒక పార్టీని, ఒక నాయకుణ్ణి "మనవాడు" అనుకోవడం. మనవాడు ఓడిపోయిన రోజున గెలిచినవాడు మనల్ని శత్రువుగా చూస్తాడు.

శ్రీలంకలోని వామపక్ష పార్టీ జేవీపీ సంగతి చూడు. రోహణ విజేవీర పెట్టిన పార్టీ, కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఐదు పాఠాలు చెప్పేవాళ్ళు, అందులో ఒకటి భారత విస్తరణవాదం మీద. 1987 ఒప్పందం మీద ఆయుధాలు పట్టింది వాళ్ళే. ఆ పార్టీ నాయకుడు అనుర కుమార దిసానాయకెని 2024 ఫిబ్రవరిలో, పార్లమెంటులో ఆయనకి ముగ్గురంటే ముగ్గురు సభ్యులున్న రోజుల్లో, మన ప్రభుత్వం ఢిల్లీకి పిలిచింది. విదేశాంగ మంత్రి కూర్చోబెట్టి మాట్లాడారు, గుజరాత్, కేరళ చూపించారు. సెప్టెంబరులో ఆయన అధ్యక్షుడయ్యారు, డిసెంబరులో మొదటి విదేశీ పర్యటన ఢిల్లీకే వచ్చారు, మా నేలని భారత్‌కి వ్యతిరేకంగా ఎవర్నీ వాడుకోనివ్వం అని చెప్పారు. నెల తిరక్కుండా బీజింగ్ కూడా వెళ్ళారు. వెళ్ళనీ, అది వాళ్ళ హక్కు. మనింటికి వచ్చినవాడు ఇంకెవరింటికీ వెళ్ళకూడదని ఆంక్ష పెడితే దాన్ని స్నేహం అనరు.

పేపర్లో రాని పని ఇంకా చాలా ఉంటుంది. తీర రక్షక దళాలు కలిసి చేసే 'దోస్తీ' విన్యాసాలు మాల్దీవులతో 1991 నుంచి జరుగుతున్నాయి, 2012లో శ్రీలంక కూడా చేరింది. అవతలి అధికారి గొంతు ఫోన్లో గుర్తుపట్టేంత పరిచయం ఉంటే, అర్ధరాత్రి సముద్రం మీద ఏదైనా జరిగినప్పుడు సగం అపార్థాలు పుట్టవు. 2004 సునామీ రోజున మన తీరమే, ఇక్కడ మెరీనా, నాగపట్నం, అండమాన్ శవాలతో నిండి ఉన్నా, మన నౌకాదళం అదే రోజు శ్రీలంకకి సాయం పంపింది. 2014 డిసెంబరులో మాలేలో మంచినీళ్ళ ప్లాంటు కాలిపోతే గంటల్లో విమానాల్లో నీళ్ళు వెళ్ళాయి. నమ్మకం కట్టేది ఇలాంటి రోజులు.

అయితే ఒకటి రాసుకో, ప్రభుత్వంతో నమ్మకం వేరు, అక్కడి తమిళులతో నమ్మకం వేరు. 1987 ఒప్పందం వల్ల వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాలకి అధికారాలు ఇస్తామంది, భూమి, పోలీసు అధికారాలు ఈ రోజుకీ పూర్తిగా రాలేదు. ఆ మాట ఇప్పించింది మనం. మన ఊళ్ళోనే చూడు, తమిళనాడు శిబిరాల్లో 50 వేలకు పైగా లంక తమిళులు ఉన్నారు, అక్కడే పుట్టి అక్కడే పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళు కూడా ఏ దేశపు పౌరులో తేలకుండా బతుకుతున్నారు. నీ ప్రాజెక్టుకి విషయం కావాలంటే ఇది తీసుకో.

*ప్రశ్న: నాయనా, మా తాతగారు "సింహళంలో మన తెలుగు రాజులు ఏలారు" అనేవారు. నిజమేనా? (ఒక అమ్మమ్మ, వేలచ్చేరి)*

నిజమేనండి అమ్మమ్మగారూ. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలింది మధురై నాయకుల చుట్టాలు, మూలం తెలుగువాళ్ళు. వారసుడు లేకుండా రాజు చనిపోతే రాణిగారి తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడంటే నాకు చాలా ఇష్టం. శైవం తెలిసిన ఇంట్లో పుట్టి, బౌద్ధుల రాజ్యానికి రాజయ్యాడు. అప్పటికి లంకలో భిక్షువులకి దీక్ష ఇచ్చే పరంపరే తెగిపోయింది. ఆయన సియాంకి, అంటే ఇప్పటి థాయిలాండ్‌కి దూతల్ని పంపి 1753లో ఉపాలి అనే పెద్ద భిక్షువుని రప్పించి దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. అయినా 1760లో కొందరు ప్రధానులు, భిక్షువులు కలిసి "పరాయివాడు" అని ఆయన్ని చంపాలని చూశారు. ఆయన బతికాడు, భిక్షువులకి చేసే సేవ మాత్రం మానలేదు. ఈ రోజుకీ శ్రీలంకలో పెద్ద భిక్షు సంఘం ఆ సియాం నికాయమే.

ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లిషువాళ్ళు పట్టి వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున సమాధి ఉంది. వైద్యానికి వేలూరు వెళ్ళే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో. మీ మనవల్ని ఒకసారి తీసుకెళ్ళమనండి. లంకలో పాములాడించి బతికే అహికుంటకుల ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట వినపడుతుంది, అది కూడా చెప్పండి వాళ్ళకి.

*ప్రశ్న: మీరు రాసిన ఆ పెద్దావిడ ఎందుకు బెదిరింది? చెన్నైలో అంత భయం ఏముంది? (పాఠకుడు, పెరంబూర్)*

2013 మార్చిలో ఇక్కడ సెంట్రల్ స్టేషన్లో, తంజావూరులో సింహళ భిక్షువుల మీద దాడులు జరిగాయి. ఆ ఏడాది ఐపీఎల్‌లో శ్రీలంక ఆటగాళ్ళని చెన్నైలో ఆడనివ్వలేదు. 2009లో యుద్ధం ఆఖరి రోజుల్లో ముళ్ళివాయ్‌కాల్‌లో చనిపోయిన వేల మంది తమిళుల కోసం ఇక్కడి విద్యార్థులు రోడ్డెక్కారు, వాళ్ళ దుఃఖం నిజమైనది, నేనూ ఆ దుఃఖంలో ఉన్నవాణ్ణే. కానీ ఒక భిక్షువుని రైల్లో కొడితే ఆ దుఃఖం తీరుతుందా? ఆ వార్త అక్కడ ప్రతి ఇంట్లో చూసి ఉంటారు. ఆవిడ కూడా చూసి ఉంటుంది.

ఆవిడకి నేను "తెలుగువాణ్ణి అమ్మా" అని చెప్పాను, అదీ నిజమే గానీ, అలా చెప్పి తప్పించుకున్నట్టు తర్వాత బాధ పడ్డాను. మందుల షాపులో కౌంటర్ దగ్గరున్న తమిళ కుర్రాడు ఆవిడ చీటీ చూసి, బీపీ మాత్రలు ఇచ్చి, ఎలా వేసుకోవాలో వేళ్ళతో చూపించి, రాత్రి మాత్ర వేసుకోవడానికి ఒక నీళ్ళ సీసా కూడా ఇచ్చాడు, డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఎక్కడి నుంచి అని అడిగితే ఆవిడ కాసేపు ఆగి "కురునేగల, శ్రీలంక" అంది. "మా అమ్మమ్మవాళ్ళు అటువైపు టీ తోటల్లో ఉండేవాళ్ళు, 1970ల్లో వచ్చేశారు" అన్నాడు ఆ కుర్రాడు. నేను ఇంగ్లిషులో చెప్పాను ఆవిడకి. 1964లో మన ప్రధాని శాస్త్రిగారూ, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకే సంతకం పెట్టి, అక్కడి భారత సంతతి తోట కూలీలు లక్షల మందిని వాళ్ళని అడక్కుండానే పంచుకున్నారు కదా, ఆ లక్షల్లో ఒక కుటుంబం అన్నమాట. ఆవిడ వాడి తల మీద చెయ్యి పెట్టి సింహళంలో ఏదో అంది. ఏమందో మా ఇద్దరికీ తెలియలేదు. మర్నాడు పొద్దున్న వాళ్ళ బృందం గయ రైలెక్కింది.